ముక్కలు కొట్టొద్దు

తెల్లారగట్ల అయిదుకి
పర్లాకిమిడి మాంసం బజారులో
తవిటయ్య కొట్టు ముందు
ఐసు డబ్బాతో నిలబడతాను.
"ఏటమ్మా, ఇయ్యాల కూడా కార్జవేనా?
ఏపుడికైతే ముక్కలు కొట్టేస్తాను."
వద్దు తవిటయ్యా, ముక్కలు కొట్టొద్దు.
సిర తెగకుండా, తమ్మె మొత్తంగా,
వెచ్చదనం ఆరకముందే ఇచ్చెయ్.

అతని లెక్కలో నేను
ఏడాదిగా రోజు మార్చి రోజు కార్జం తిని
ఇంకా ఇంత సన్నగా ఉన్న మనిషిని.

కాలేజీ వెనక గది. రెండు కిటికీలు.
ఒకదాంట్లో కొండల వరస, ఒకదాంట్లో క్యాంటీన్ పొగ.
సిరలోకి సన్నని గొట్టం దూర్చి
గోరువెచ్చని ఉప్పునీళ్ళు వదుల్తాను.
ఎరుపు ముందు గులాబీ అవుతుంది,
తర్వాత వానకి తడిసిన పాత గోడ రంగు.
ఎంజైము పోశాక లోపలి కట్లన్నీ వదులై
అంత అవయవమూ
నానిన అటుకుల్లా చేతిలో విడిపోతుంది.
ప్లేటులో కోట్ల కణాలు,
దేనికది ఒంటరి.

వాటికి క్షయ మందు తాగిస్తాను, ఐసోనియాజిడ్.
మొదటిరోజు ఆవురావురుమని అరిగించుకున్నాయి.
రెండో రోజు సగం.
నాలుగో రోజు
పోసిన మందు పోసినట్టే ఉంది.
చచ్చిపోలేదు. బతికే ఉన్నాయి,
గట్టి ప్లాస్టిక్కు మీద అప్పడాల్లా పరుచుకుని,
ఏ పనికి పుట్టాయో అది మాత్రం మర్చిపోయి.

మందు పాతదనుకున్నాను. కరెంటు పోయిందనుకున్నాను.
ఆరు నెలలు, చివరికి మేకని కూడా అనుమానించాను.
ఆఖరికి కింద మెత్తగా కొలాజెన్ పొర,
పైన ఇంకో పొర దుప్పటిలా,
పక్కది పక్కదానికి తగిలేంత దగ్గరగా.
అప్పుడు గుర్తొచ్చింది వాటికి.
పన్నెండో రోజున కూడా పనిచేశాయి.
ఆ పూట చెప్పుకోడానికి ఎవరూ లేక
గది ఊడ్చే బసంతి మావుసికి చెప్పాను.
"మెత్తగా పడుకోబెడితేనే పనిచేస్తాయా?
మరి మమ్మల్నో?" అంది, బకెట్టు తీసుకుని పోతూ.

ఇదంతా మేక సంగతి.
మేక మనిషి కాదని ప్రతి పేజీలో రాసుకుంటాను.

ఎలీజా రయిక మనిషి.
గుమ్మా కొండ మీంచి జీపులో వచ్చాడు
మందు మొదలెట్టిన అయిదో వారం,
పసుపు కళ్ళతో, అన్నం వాసనకే వాంతితో.
కార్డు మీద బరువుంది, నలభై మూడు కిలోలు.
బరువుని బట్టి మోతాదు, అదీ సరిగ్గానే ఉంది.
కార్జం తీరు రాసే గడి
ఆ కార్డు మీద లేదు.

అతని రక్తం చుక్క నా గదికొచ్చింది.
ఒక్క జన్యువు. రెండు ప్రతులూ తాపీ రకం.
నిన్నటి మందు పూర్తిగా పోకముందే
ఇవాళ్టిది దానిమీద వచ్చి పడి...
ఫారం ఇంగ్లీషుది, గడి చిన్నది. "స్లో" అని రాశాను.
పరీక్ష తప్పిన పిల్లాడి పేరు పక్కన
ఎర్రగీతలా కనబడింది.

అతనికి సవర వచ్చు, ఒడియా కొంత,
తెలుగు సంతలో బేరానికి సరిపడా.
నాకు సవర రెండు మాటలు.
మంచం అంచున కూర్చుని
"నీ కార్జానిది నెమ్మది పనయ్యా" అన్నాను.
అని ఆగిపోయాను.

జ్వరం దిగినవాణ్ణి మనం అడిగేదీ అదే కదా,
నెమ్మదించిందా అని.
మెల్లగా సాగడానికీ, కుదుటపడ్డానికీ
ఒకే మాట పెట్టినవాళ్ళెవరో,
ఏ మంచం పక్కన ఎన్ని రాత్రులు కూర్చుని పెట్టారో.

సాహు డాక్టరు మందులన్నీ ఆపి
ఒక్కోటిగా, కొద్దికొద్దిగా, మళ్ళీ మొదలుపెట్టారు.
ఇంకా ఏమీ తేలలేదు.
నిన్న మాత్రం అంబలి అడిగాడట.
ఒక్క మనిషితో ఏదీ రుజువు కాదు.
ఇంకా రెండొందల పన్నెండు చుక్కలు ఫ్రీజర్లో ఉన్నాయి,
పేర్లు తీసేసి, నంబర్లతో.

మళ్ళీ తెల్లారగట్ల అయిదు.
తవిటయ్య ఎత్తిన కత్తి నన్ను చూసి దించుతాడు.
"తెలుసులేమ్మా, కొట్టను.
ఇంతకీ ఎలాగొండుతావో ఒక్కసారి సెప్పు."

సన్నని సెగ మీద తవిటయ్యా,
చాలాసేపు.